ఆ ముగ్గురిలో ఒకడు

గుడుపల్లె దగ్గరి గ్రానైట్ షెడ్లలో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు పరీక్షించడానికి మదనపల్లె నుంచి జీపు వచ్చింది. దిగినవాళ్లలో ఇందు ఒక్కతే ఆ ఊరి పిల్ల. మిగతావాళ్లు జీపులోనే మాస్కులు తగిలించుకున్నారు. ఇందు తన మాస్కును సంచిలోంచి తీయలేదు. ఏళ్ల తరబడి ఏ అడ్డూ లేకుండా అక్కడ రాయి కోస్తున్న అన్న ముందు ముక్కు మూసుకుని నిలబడటానికి ఆమెకు మొహం చెల్లలేదు.

అన్న పేరు మునిచంద్ర. అతను షెడ్డులోంచి బయటికొచ్చినప్పుడు మనిషిని పోల్చుకోవడానికి సొంత చెల్లెలికే కాసేపు పట్టింది. జుట్టు, కనుబొమలు, చెవుల అంచులు, మెడ మీద చెమట కూడా తెల్లగా ఉన్నాయి. పిండిమిల్లులోంచి వచ్చినవాడిలా ఉన్నాడు. చెల్లెల్ని చూసి నవ్వాడు.

"ఏం పాపా, ఈ పొద్దు మమ్మల్నే సూసేదానికి వచ్చినారా?"

"అందరికీ సేస్తాండాం అన్నా. నువ్వు కూడా గట్టిగా దగ్గి, ఈ డబ్బాలో కఫం ఉమ్మల్ల."

"గట్టిగా యాల? ఊరికే వస్తా ఉండాది" అన్నాడు మునిచంద్ర. వెనకున్నవాళ్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ముగ్గురు నలుగురికి దగ్గు తెరలు వచ్చాయి.

ఇందు పదో తరగతిలో ఉండగా వాళ్ల నాయన పోయాడు. వాళ్లకు భూమి లేదు. ఊళ్లో ఎవరు పిలిస్తే వాళ్ల చేలోకి కూలికి వెళ్లే ఇల్లు. మునిచంద్రకి అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు. షెడ్డులో పని ఉందని మేస్త్రీ చెబితే మర్నాడే చేరిపోయాడు. దిమ్మెల్ని పలకలుగా కోసే పెద్ద రంపాల మీద నీళ్లు పారుతూ ఉంటాయి కాబట్టి అక్కడ దుమ్ము తక్కువ. అంచులు చెక్కే చిన్న మిషన్లకు మాత్రం నీళ్లు పెట్టరు. నీళ్లు పెడితే గీసుకున్న గీత కనబడదు, పని నిదానిస్తుంది. మునిచంద్రకి ఇచ్చింది అంచుల పని. పొద్దుగూకాక ఇంటికొచ్చి, వాకిట్లో గుడ్డలు దులిపి, చెల్లెలి పుస్తకాల పక్కన కూర్చునేవాడు.

"నువ్వు సదువుకో పాపా. రాయి యాడికీ పోదు. నేను కోస్తాంటా" అనేవాడు.

ఆమె చదువుకుంది. కుప్పంలో డిగ్రీ, తర్వాత తిరుపతిలో స్టాటిస్టిక్స్. మదనపల్లెలో ఒక ప్రైవేటు వైద్య కళాశాలవాళ్లు జబ్బుల మీద సర్వేలు చేసే విభాగంలో ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చుకున్న మొదటి మనిషి ఇందు. ఆ సంగతి ఊళ్లో ఎవరడిగినా అడక్కపోయినా మునిచంద్ర చెప్పేవాడు.

షెడ్డులో తీసుకున్న కఫం పరీక్షల్లో అతనికి క్షయ ఉన్నట్టు తేలింది. ఫలితాల కాగితం ఇందు చేతికే వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని విభాగానికి పెద్ద అయిన డాక్టర్ శాలిని గదిలోకి వెళ్లింది.

"మేడం, వీళ్లలో మా అన్న ఉన్నాడు. ఆయన పేరు సర్వేలోంచి తీసేద్దామా? సొంతవాళ్లని కలుపుకున్నానని ఎవరైనా అంటారేమో."

శాలిని కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూసింది. "షెడ్డులో పదేళ్లు దాటినవాళ్లందర్నీ తీసుకుంటామని ముందే రాసుకున్నాం కదా. మీ అన్న పదేళ్లు దాటాడా?"

"దాటాడు మేడం."

"మరి తీసేస్తే అబద్ధం రాసినట్టవుతుంది. ముందు మందులు మొదలుపెట్టించు."

మందులు మొదలయ్యాయి. ఆరు నెలలు క్రమం తప్పకుండా మింగాడు. కఫంలో క్రిమి పోయింది, ఊపిరి మాత్రం వెనక్కి రాలేదు. నాలుగడుగులు వేస్తే నిలబడిపోయేవాడు. మిషన్ పట్టుకోలేకపోతున్నాడని షెడ్డువాళ్లు రావద్దన్నారు. భార్య అంకమ్మ, బడికెళ్లే కూతురు, అతను. ఆ ముగ్గురికీ అప్పట్నుంచి ఇందు జీతమే ఆధారమైంది.

ఆ ఆరు నెలలూ ఇందు పుంగనూరు పల్లెల్లో తిరిగింది. షెడ్డు లెక్క ఒక్కటే ఉంటే చాలదు. రాయి పని ఎరగని చోట క్షయ ఎంత ఉందో తెలిస్తేగాని దుమ్ము ఎంత చేసిందో తెలియదు. అందుకని టమోటా పండించే ఊళ్లలో షెడ్డువాళ్ల ఈడు మగవాళ్లని, అదే మాదిరి ఇళ్లలో ఉండేవాళ్లని, వాళ్లంతగానే బీడీలు తాగేవాళ్లని వెతికి వెతికి పట్టుకుంది. "మేము రాయి పట్టిందే లేదు కదమ్మా, మాకు యాల పరీక్ష?" అని అడిగాడొక రైతు, టమోటా బాక్సులు ఆటోలోకి ఎక్కిస్తూ. "పట్టలేదనే మీరు కావాల్లప్పా" అంది ఇందు. అతనికి అర్థం కాలేదు గాని, పోనీ పాపం అని డబ్బాలో ఉమ్మి ఇచ్చాడు.

లెక్క తేలిన రోజు శాలిని విభాగంలో అందర్నీ కూర్చోబెట్టి బోర్డు మీద రెండు అంకెలు రాసింది. షెడ్డులో పదేళ్లు పనిచేసిన వంద మందిలో క్షయ వచ్చింది పన్నెండు మందికి. పుంగనూరు పల్లెల్లో అదే కాలంలో వందకి ముగ్గురికి.

"షెడ్డు అనేదే లేకపోయినా ఈ వంద మందిలో ముగ్గురికి ఎలాగూ వచ్చేదే" అంది శాలిని. "మనుషులన్నాక వస్తుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, బస్సులో అంటుకుంటుంది. ఆ ముగ్గుర్నీ తీసేయండి. మిగిలిన తొమ్మిది మందీ దుమ్ము లెక్కలోకి వస్తారు. రాతిపొడి దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో క్రిమి తేలిగ్గా పాతుకుంటుంది, దుమ్ము లేకపోతే వాళ్లకి ఈ జబ్బు లేదు. పన్నెండులో తొమ్మిది, అంటే నాలుగింట మూడు వంతులు."

"పన్నెండు మందిలో ఆ ముగ్గురెవరో ఎట్లా తెలుస్తుంది మేడం?" అని అడిగింది ఇందు.

"తెలీదు. క్రిమి మీద పేరు రాసి ఉండదు కదా. ఎంతమందో చెప్పగలం. ఎవరో చెప్పలేం."

ఆ మాట ఇందు అప్పటికే చదువుకున్నదే. తల ఊపి అంకెలు రాసుకుంది.

సర్వే సంగతి గుడుపల్లె చేరింది. జబ్బుపడ్డవాళ్లలో ఐదుగురి ఇళ్లవాళ్లు కలిసి కంపెనీ మీద నష్టపరిహారానికి అర్జీలు వేశారు. మొదటి అర్జీ మునిచంద్రది. పుంగనూరులో రామచంద్ర అనే లాయరు కేసులు ఒప్పుకున్నాడు. డాక్టర్ శాలిని అప్పటికే వేరే ఉద్యోగం వచ్చి ఢిల్లీ వెళ్లిపోయింది. విచారణకి రావడం కుదరదని ఉత్తరం రాసింది. లెక్క కట్టిన మనిషివి నువ్వే కాబట్టి సాక్ష్యం నువ్వే చెప్పాలన్నాడు రామచంద్ర.

ఇందు పుంగనూరు వెళ్లి ఆయన ఆఫీసులో కూర్చుంది. "సార్, వాళ్లు తప్పకుండా ఒక మాట అడుగుతారు. ఈ మనిషికి దుమ్ము వల్లే వచ్చిందని చెప్పగలవా అంటారు. చెప్పలేనని నేను అనాల్సిందే. అప్పుడు మీరు లేచి ఇంకోటి అడగండి. ఈయనకి దుమ్ము వల్ల వచ్చి ఉండే అవకాశం ఎంత అని. నాలుగింట మూడు వంతులు అని చెప్తాను. కేసంతా ఆ మాట మీదే ఉంది."

"అట్లేమ్మా. నోట్ చేసుకుంటా ఉండాను" అన్నాడు రామచంద్ర. నిజంగానే రాసుకున్నాడు.

విచారణ మదనపల్లెలో, నష్టపరిహారం కేసులు చూసే అధికారి ముందు. ముందురోజు ఇందు గుడుపల్లె వెళ్లి అన్నని వెంటబెట్టుకుని బస్సెక్కింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బస్సు మెట్లెక్కినందుకే ఆయాసం వచ్చి, పలమనేరు దాటేదాకా మాట్లాడలేకపోయాడు. ఊపిరి అందాక, పక్క సీట్లో ఉన్న ఎవరో పెద్దమనిషితో అన్నాడు:

"మా సెల్లెలప్పా. రేపు మదనపల్లెలో నా తరపున సాక్ష్యం సెప్తాది. పెద్ద సదువు. ఈయమ్మ సెప్తే కాదనేవోళ్లు లేరు."

"అన్నా, ఉన్నది ఉన్నట్టు సెప్పాల్లన్నా. ప్రమాణం సేయిస్తారు" అంది ఇందు.

"ఉన్నదే సెప్పు. లేంది సెప్పమని ఎవురన్నారు?"

కంపెనీ తరపున వచ్చిన లాయరు చాలా మర్యాద మనిషి. ఇందుకి కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించాడు. అంతకుముందు కంపెనీవాళ్లు తెచ్చిన డాక్టరు ఎక్స్‌రే చూసి, రాతిపొడి మచ్చలూ క్షయ మచ్చలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చెప్పలేమని చెప్పి వెళ్లిపోయాడు. ఇక మిగిలింది ఇందు లెక్క.

"మీ సర్వే చదివానమ్మా. చాలా శ్రద్ధగా చేశారు" అని మొదలుపెట్టాడు లాయరు. "షెడ్డులో పని చేయనివాళ్లకి కూడా క్షయ వస్తుందని మీ సర్వేలోనే ఉంది కదా?"

"ఉంది సార్. వందకి ముగ్గురికి."

"షెడ్డులో ఉన్న వంద మందికి కూడా, దుమ్ముతో సంబంధం లేకుండా ముగ్గురికి వచ్చేదే. అంతే కదా?"

"అవును సార్. కానీ తొమ్మిది మందికి..."

"తొమ్మిది మంది గురించి అడగలేదమ్మా. అర్జీదారు బీడీలు తాగుతాడా?"

ఇందు అన్న వైపు చూసింది. "తాగేవాడు."

"బీడీల వల్ల క్షయ వచ్చే అవకాశం పెరుగుతుందా?"

"పెరుగుతుంది సార్. అందుకే పుంగనూరులో కూడా అంతే బీడీలు తాగేవాళ్లని..."

"పెరుగుతుంది. చాలు. ఇప్పుడు నెమ్మదిగా ఆలోచించి చెప్పండి. మీరు చదువుకున్నవాళ్లు, ప్రమాణం చేసినవాళ్లు. ఇక్కడ కూర్చున్న ఈ మునిచంద్ర, మీ సొంత అన్న, ఆ తొమ్మిది మందిలో ఒకడా, ఆ ముగ్గురిలో ఒకడా?"

"అలా చెప్పడానికి లెక్కలో వీలుండదు సార్."

"వీలుండదంటే? తెలుసా, తెలీదా?"

ఇందు విచారణాధికారి వైపు చూసింది. ఆయన పెన్ను పట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. "తెలిస్తే తెలుసనండి, లేకపోతే తెలీదనండి" అన్నాడు, కోపమేమీ లేకుండా.

"తెలీదు" అంది ఇందు.

లాయరు ఆమెకి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఇందు రామచంద్ర వైపు తిరిగింది. ఆయన లేవాలి. లేచి ఆ ఒక్క ప్రశ్న అడగాలి. రామచంద్ర కాగితాలు సర్దుకుంటున్నాడు. "మీరేమైనా అడుగుతారా?" అని అధికారి అడిగితే, సగం లేచి, "ఏమీ లేదు సార్" అన్నాడు.

బయట మెట్ల దగ్గర ఇందు ఆయన్ని ఆపింది. "సార్, రాసుకున్నారు కదా. యాల అడగలేదు?"

"అడిగేదానికి పొజిషన్ ఉండాల్ల కదమ్మా. సొంత సెల్లెలే తెలీదనేసినాక, నేను లేచి వంతులూ భాగాలూ అంటే ఆయప్ప ఇంకా తిరగేసి మనల్నే కొడతాడు. లెక్కలు ఈడ ఎక్కవమ్మా" అన్నాడు. ఇంకో కేసుకి టైమైందని వెళ్లిపోయాడు.

మునిచంద్ర వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి ఊపిరి లాగుతున్నాడు. ఇందు పక్కన కూర్చుంది. అతను తల తిప్పకుండానే అన్నాడు.

"తెలీదన్నావు పాపా."

"అన్నా, ఒక్క మనిషి గురించి ఎవురూ సెప్పలేరన్నా. డాక్టరమ్మ వచ్చినా అంతే సెప్తాది. లెక్క..."

"నన్నడిగుంటే నేను సెప్పుంటా. ఊపిరి నాది కదా."

తిరుగు బస్సులో అతను కిటికీ వైపు కూర్చున్నాడు. పక్క సీట్లలో ఎవరితోనూ మాట్లాడలేదు.

తీర్పు కొన్నాళ్లకి వచ్చింది. అది చదివి అర్థం చెప్పడానికి ఇందు తప్ప ఆ ఇంట్లో ఎవరూ లేరు. మునిచంద్ర మంచం మీదనుంచి, అంకమ్మ పొయ్యి దగ్గరనుంచి వింటుండగా ఆమే చదివింది. 'అర్జీదారు తరపు సాక్షి, స్వయానా అర్జీదారు సోదరి, నిపుణురాలు, ఇచ్చిన సాక్ష్యం ప్రకారమే షెడ్డు పనితో నిమిత్తం లేకుండా ముగ్గురికి వ్యాధి సంక్రమించే అవకాశం ఉన్నది. అర్జీదారు ఆ ముగ్గురిలో ఒకడు కాడని నిరూపించబడలేదు. అర్జీ కొట్టివేయడమైనది.'

"అంటే ఏంది?" అంది అంకమ్మ.

ఇందు చెప్పింది. అంకమ్మ పొయ్యిలో కట్టె లోపలికి తోసింది.

మిగతా నలుగురి అర్జీలు ఒకటొకటిగా విచారణకి వచ్చాయి. ప్రతిదానికీ ఇందుని పిలిచారు. రెండోసారి ఆమె ముందే సిద్ధపడి వెళ్లింది. ఎవరూ అడగకపోయినా లేచి చెప్పింది. "సార్, ఒక్కొక్కరిని విడిగా చూపించి అడిగితే ఎవరి గురించైనా తెలీదనే అంటాను. పన్నెండు మందినీ ఒక వరుసలో నిలబెట్టి అడగండి. తొమ్మిది మంది దుమ్ము వల్లే అని ప్రమాణం చేసి చెప్తాను. అందరికీ కలిపి నాలుగింట మూడు వంతులు ఇప్పించండి."

అధికారి ఆమె మాట పూర్తిగా విన్నాడు. చెడ్డవాడు కాదు. "నువ్వు చెప్పింది నాకు అర్థమైందమ్మా. కానీ నా ముందున్నది ఒక్క మనిషి అర్జీ. వరుసలో నిలబడ్డవాళ్లకి తీర్పు రాసే అధికారం నాకు లేదు" అన్నాడు. మునిచంద్ర తీర్పులోని వాక్యమే పేరు మార్చి మళ్లీ రాశారు. తర్వాత ఇంకోసారి రాశారు. ఐదు అర్జీలూ అలాగే పోయాయి.

ఆఖరిది చెంగమ్మది. ఆమె భర్త అర్జీ వేసిన నెలలోపే చనిపోయాడు. తీర్పు వచ్చాక ఆమె ఇందు చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది. అరవలేదు, ఏడవలేదు.

"పాపా, నాకు సదువు లేదు. ఒకటి సెప్పు. దుమ్ముకి సమ్మందం లేనోళ్లు ముగ్గురే అంటివి కదా?"

"అవునక్కా."

"మా ఇండ్లల్లో ఐదుగుర్నీ ఆ ముగ్గురిలోనే అంటిరి. ఆ తొమ్మిది మంది యాడుండారు మరి?"

తొమ్మిది మంది బోర్డు మీద ఉన్నారు. డాక్టరమ్మ చెప్పినప్పుడు ఉన్నారు. విచారణ గదిలోకి ఒక్కొక్కడుగా వచ్చేసరికి వాళ్లలో ఒక్కడూ లేడు.

ఆ ఏడాది కంపెనీవాళ్లు ఇంకో షెడ్డు కట్టడానికి అనుమతి కోసం కుప్పంలో సభ పెట్టారు. ఊళ్లవాళ్ల అభిప్రాయం వినాలని నియమం. ఇందు సెలవు పెట్టి వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. కంపెనీ మనిషి మైకు ముందుకొచ్చి, షెడ్ల వల్ల క్షయ వస్తుందని కొందరు అపోహలు పుట్టిస్తున్నారన్నాడు. "వాళ్ల సర్వే అంకెలతోనే చెప్తాను. మండలం మొత్తం మీద క్షయ రోగులు వందలమంది. మా షెడ్ల వల్ల అని వాళ్లు అనుకునేది తొమ్మిది మంది. రేపే మా షెడ్లన్నీ మూసేసినా ఈ మండలంలో క్షయ నూటికి రెండు మూడు పాళ్లు కూడా తగ్గదు. మిగతాదంతా మీ ఇళ్లలోది, మీ బీడీలది."

జనం చప్పట్లు కొట్టారు. ఇందు ఆ లెక్కని మనసులోనే వేసి చూసింది. తప్పు లేదు. మండలంలో షెడ్డుకి వెళ్లేవాళ్లు కొద్దిమందే కాబట్టి మండలం జబ్బులో వాళ్ల పాలు కొంచెమే అవుతుంది. షెడ్డులోపల నిలబడి లెక్కిస్తే జబ్బుపడ్డ నలుగురిలో ముగ్గురు దుమ్ము వల్ల పడ్డవాళ్లే. బయట రోడ్డు మీద నిలబడి లెక్కిస్తే దుమ్ము కనబడనే కనబడదు. ఆ సంగతి చెప్పాలని లేచింది.

"అయ్యా, నేను ఆ సర్వే చేసినదాన్ని. ఆయన చెప్పింది మండలం లెక్క. షెడ్డులో పనిచేసే మనిషికి..."

"కూర్సోమ్మా" అన్నాడు ముందు వరుసలోంచి ఒకతను. ఆమెకు తెలిసినవాడే. వాళ్ల వీధివాడే. కొడుక్కి ఆ షెడ్డులో పని ఇస్తామన్నారు. "నీ అన్న ఇసయంలోనే తెలీదని సెప్పొచ్చినావు. మా ఇసయంలో నీకేం తెల్సు? నీకు నెలయితే జీతం వస్తాది. మావోళ్లకి ఎవురిస్తారు?"

మళ్లీ చప్పట్లు. ఈసారి ముందటికన్నా గట్టిగా కొట్టారు. షెడ్డుకి అనుమతి వచ్చింది.

మునిచంద్రకి క్షయ తిరగబెట్టింది. రాతిపొడి నిండిన ఊపిరితిత్తుల్లో అది తేలిగ్గా తిరగబెడుతుందని ఇందుకి తెలుసు. ఈసారి మందులు పనిచేయలేదు. పడుకుంటే ఊపిరాడదు గనుక గోడకి దిండ్లు పెట్టి రాత్రీ పగలూ కూర్చోబెట్టేవాళ్లు. మెడ నరాలు తాళ్లలా లేచి, ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లాగేవి. ఇందు ఆదివారం ఆదివారం వచ్చేది. తీర్పు వచ్చినప్పట్నుంచి అతను ఆమెతో ముక్తసరిగానే మాట్లాడేవాడు. కోపంగా కాదు, కొత్తవాళ్లతో మాట్లాడినట్టు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అంకమ్మ నీళ్లకి వెళ్లినప్పుడు అతనే పిలిచాడు.

"పాపా, ఇట్రా."

ఆమె వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఈడ లాయర్లు లేరు. రాసుకునేవోళ్లు లేరు. నీకూ నాకూ మద్యలో మాట. నేను ఆ తొమ్మిదిలోనా, మూడులోనా?"

ప్రతి రెండు మాటలకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అడిగాడు. ఇందు అతని చేతిని చూసింది. అరచేతి గీతల్లో ఎన్నాళ్లు కడిగినా పోని తెల్లని పొడి. నిజం ఏమిటంటే, ఆమెకు తెలీదు. ఆ రోజు తెలియనట్టే ఈ రోజూ తెలీదు. కానీ చనిపోతున్న మనిషి ముందు వంతులు లెక్కపెట్టడానికి ఆమెకు నోరు రాలేదు. ఇన్నాళ్లకి అన్న తనంతట తాను పిలిచి అడిగిన మాట. ఒక్క మాటతో అతనికి నెమ్మది కలుగుతుందనుకుంది.

"తొమ్మిదిలోనే అన్నా" అంది. "దుమ్ము వల్లే వచ్చింది నీకు. నీ తప్పేమీ లేదు. బీడీ కాదు, ఏమీ కాదు. దుమ్మే."

మునిచంద్ర ఆమె మొహంలోకి చూశాడు. నెమ్మదించలేదు. కళ్లు ఎర్రబడ్డాయి.

"మరి తెల్సే ఉండె కదా నీకు" అన్నాడు. "తెల్సే ఉండి, ఆ పొద్దు వాళ్ల ముందర తెలీదని యాల సెప్తివి?"

"అన్నా, అట్ల కాదన్నా... ఆ పొద్దు..."

"నీ ఉద్యోగం పోతాదనా?"

"కాదన్నా! ఇప్పుడు నీకోసం..." అని ఆగిపోయింది. నీకోసం అబద్ధం చెప్పాను అనాలి. అది ఎలా అంటుంది? అనకపోతే, ఆ రోజు అబద్ధం చెప్పాననే మాటే నిలిచిపోతుంది. రెంటిలో ఏది ఎంచుకోవాలో తేల్చుకునేలోపే దగ్గు తెర వచ్చింది. గిన్నె అందించింది. అతను చేత్తో ఆమె చేతిని పక్కకి తోశాడు. గిన్నె కింద పడింది.

అంకమ్మ నీళ్ల బిందెతో లోపలికొచ్చింది. "ఏమైంది?"

"అడుగు" అన్నాడు మునిచంద్ర. "తెల్సంట. ముందే తెల్సంట."

ఆ తర్వాత అతను ఇందుతో మాట్లాడలేదు. మరుసటి వారం పోయాడు. ఇందు వచ్చేసరికి పాడె కట్టేస్తున్నారు. ఊళ్లోవాళ్లు ఆమెకి దారి ఇచ్చారుగాని ఎవరూ పలకరించలేదు. చెంగమ్మ ఒక్కతే దగ్గరికొచ్చి నిలబడింది.

దినాలు అయ్యాయి. తర్వాత నెల ఇందు ఎప్పటిలాగే ఇంటికి సరుకులు తీసుకుని వచ్చింది. అంకమ్మ సంచీ గడప లోపలికి రానివ్వలేదు.

"ఎత్తుకుపో. ఇంక తేవద్దు."

"వదినా, పాపకి..."

"నా బిడ్డకి నేను పెట్టుకుంటా. నీ అన్న సంగతి తెలీదన్న నోటితో సంపాదించిన కూడు ఈ ఇంట్లో ఉడకదు. పని దొరికింది. సోమారం నించి పోతాండా."

"యాడ?"

"యాడేంది? షెడ్డులోనే. కొత్త షెడ్డులో ఆడోళ్లని తీసుకుంటా ఉండారు. అంచుల పని."

ఇందు సంచీ కింద పెట్టేసింది. "వదినా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ పనికి పోవద్దు. ఇన్నాళ్లు అన్న పక్కనే ఉన్నావు, అదే గాలి పీల్సినావు. నీలోకి కూడా క్రిమి వచ్చుంటాది, లోపల నిద్దరపోతా ఉంటాది. ఈ దుమ్ము తగిలితే లేస్తాది. అన్నకన్నా తొందరగా లేస్తాది. నా మాట ఇను."

"ఇన్నాంలే. ఒకసారి ఇనే ఇట్లుండాము."

"రేపు నీకు వచ్చిందనుకో. దుమ్ము వల్ల అని ఎవురూ ఒప్పుకోరు. మొగుడి దగ్గర అంటుకునిందని తేల్సేస్తారు. మళ్లా ఆ ముగ్గురిలోనే యాస్తారు నిన్ను."

అంకమ్మ జుట్టు ముడి వేసుకుంటూ ఆమె వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, కన్నీళ్లు లేవు.

"యాస్తారు" అంది. "తెలీదని సెప్పేదానికి నువ్వుండావు కదా."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. పక్కింటివాళ్లు చూస్తున్నారు. ఇందు సంచీ తీసుకుని కుప్పం బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది. సోమవారం పొద్దున కొత్త షెడ్డు ఆటోలో ఎక్కిన ఆడవాళ్లలో అంకమ్మ కూడా ఉంది.